గోడ అవతలి చప్పుడు

ఆదివారం పొద్దున్నే తలుపు తట్టిన అమ్మాయి తానెవరో కూడా చెప్పలేదు. మెడలో వేలాడుతున్న హెడ్‌ఫోన్స్ తీసి అతని చేతిలో పెట్టి, "ఒకసారి వినండి," అంది.

అతను విన్నాడు. ఎవరో తీరిగ్గా కథ చదువుతున్నారు. ఆ గొంతు వెనకాల గుయ్‌మంటూ సన్నటి చప్పుడు.

"గొంతు నాది. చప్పుడు మీ కంప్యూటర్ది," అంది ఆమె.

పక్క ఫ్లాట్‌లోకి తండ్రితో కలిసి కొత్తగా దిగింది. పుస్తకాలు చదివి, రికార్డు చేసి ఆడియో కంపెనీలకు పంపడం ఆమె పని. ఇద్దరి గదులకూ మధ్య ఉన్నది ఒకటే గోడ.

అతనికి ఒళ్ళు మండింది. ఆ కంప్యూటర్‌ని ఒక్కో భాగమూ ఏరి తెచ్చి తన చేతుల్తో బిగించుకున్నాడు. పగలు బీమా ఆఫీసులో ఉద్యోగం, మిగతా సమయమంతా గేములు ఎలా నడుస్తున్నాయో పరీక్షించి తన వెబ్ పేజీలో రాయడం. సగం ఉడికిన గేముకు పూర్తి ధర పెడుతున్నారని కంపెనీలను ఏకిపారేసేవాడు. తెర మీద బొమ్మలు నడిపే గ్రాఫిక్స్ కార్డు ధర బైకు ధరను మించిపోయిందనీ, పాత కార్డే ఇంకొంతకాలం లాగుతుందనీ, తొందరపడి కొనొద్దనీ కుర్రాళ్ళకు నచ్చజెప్పేవాడు. తెర మీద సెకనుకు ఎన్ని బొమ్మలు, అంటే ఫ్రేములు, వస్తున్నాయో చెప్పందే అతని మాట పూర్తయ్యేది కాదు. అందుకే పాఠకులు ఫ్రేముల మాస్టారని పేరు పెట్టారు. అంతటి మాస్టారి మెషీన్ మీద ఫిర్యాదా అని అక్కకు ఫోన్ చేసి మరీ వాపోయాడు. అమ్మాయి ఎలా ఉందని అడిగింది అక్క.

సాయంత్రానికల్లా కంప్యూటర్ లోపలి ఫ్యాన్ల వేగం తగ్గించి, ఇప్పుడెలా ఉందో కనుక్కోవడానికి వెళ్ళాడు. తేడా ఏమీ లేదు. టేబుల్‌ని అవతలి గోడకు జరిపాడు. మెషీన్ వేడెక్కి మోగకుండా, ఫ్రేములు సగానికి మించి రాకుండా కట్టడి చేశాడు. అది అతనికి ఉప్పులేని పథ్యం తిన్నట్టే అయింది. మార్చినప్పుడల్లా ఆమె గదిలో కూర్చుని వినడం, బస్సు డ్రైవరుగా రిటైరైన ఆమె తండ్రి కాఫీ తెచ్చివ్వడం మామూలైపోయింది.

ఈలోగా ఆమె అతని పేజీ మొత్తం చదివేసింది.

"ఇన్ని గేముల గురించి రాశారు. కథ చివర ఏమవుతుందో ఒక్కదాంట్లోనూ లేదేం?" అని అడిగింది.

"నేను చూసేది పనితీరు. దానికి మొదటి అరగంట చాలు."

"అంటే ఏదీ చివరిదాకా ఆడలేదా?"

అతను తల గోక్కున్నాడు.

"విందుకెళ్ళి గిన్నెల బరువు తూచి వచ్చేసే మనిషన్నమాట," అని ఆమె నవ్వింది.

రోషం కొద్దీ ఒక పాత గేము మొదలుపెట్టాడు. తప్పిపోయిన తమ్ముణ్ణి వెతుక్కుంటూ దీవులన్నీ తిరిగే పడవవాడి కథ అది. ఆమె పక్కన కూర్చుని తెర మీది మాటలను ఒక్కో పాత్రకు ఒక్కో గొంతుతో చదివేది. తమ్ముడు దొరికేసరికి ఇద్దరి కళ్ళూ చెమర్చాయి. తెర మూలన ఉండే ఫ్రేముల అంకె వైపు ఒక్కసారైనా చూడలేదని అతనికి తర్వాతెప్పుడో తట్టింది.

చప్పుడు మాత్రం పోలేదు. చివరికి ఒకరోజు తన కంప్యూటర్ ప్లగ్గు పీకేసి వచ్చి విన్నాడు. అలాగే ఉంది. అప్పుడు చుట్టూ చూశాడు. ఆమె మైకు వైరు టేబుల్ లైటు అడాప్టర్‌ను ఒరుసుకుని పోతోంది. ఆమె వంటింట్లోకి వెళ్ళినప్పుడు అడాప్టర్‌ను దూరంగా జరిపాడు. చప్పుడు మాయమైంది. ఒక్క క్షణం ఆలోచించి, దాన్ని మళ్ళీ ఉన్నచోటే పెట్టేశాడు.

ఇక ఈ గదిలోకి రావడానికి వంకేముంటుంది? ఇంకొక్క వారం ఆగి చెబుదామనుకున్నాడు. ఆ వారం తర్వాత కూడా అలాగే అనుకున్నాడు.

అంతలో ఆమె ఆశలన్నీ పెట్టుకున్న పెద్ద నవల రికార్డింగును కంపెనీ తిప్పి పంపింది. వెనకాల చప్పుడుందనీ, ఇంకొక్కసారి మాత్రమే చూస్తామనీ చెప్పింది. ఆమె అతన్ని తప్పుపట్టలేదు. చేయగలిగిందంతా చేశారంటూ, ఊరి చివర నిశ్శబ్దంగా ఉండే ఇల్లొకటి చూశామనీ, నెలాఖరుకు వెళ్ళిపోతామనీ చెప్పింది.

అతను లైటు దగ్గరికి నడిచాడు. "చప్పుడు నా కంప్యూటర్ది కాదు. మీ లైటుది," అన్నాడు.

అడాప్టర్ తీసి పక్కన పెట్టి వినిపించాడు. ఆమె విని, హెడ్‌ఫోన్స్ నెమ్మదిగా కింద పెట్టింది.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"మూడు వారాల నుంచి."

ఆమె తలుపు తెరిచి నిలబడింది. అతను తలొంచుకుని బయటికి వచ్చేశాడు.

తర్వాతి రోజుల్లో మెట్ల మీద ఎదురైనా ఆమె చూపు పక్కకు తిప్పుకునేది. అతను కంప్యూటర్ ముట్టుకోలేదు. కొత్త కార్డు గురించి ఎందుకు రాయడం లేదని పాఠకులు అడుగుతున్నా జవాబివ్వలేదు.

వాన జోరుగా కురుస్తున్న ఒక మధ్యాహ్నం ఆమె తలుపు తట్టింది. ఈ హోరులో రికార్డింగు కుదరదని చెప్పి, మళ్ళీ చదివి పంపిన నవలను కంపెనీ తీసుకుందని కూడా చెప్పింది. కోపం మాత్రం తగ్గలేదట.

"ఏ వంకా లేకుండా వస్తే రానివ్వననుకున్నావా?" అంది. మీరు కాస్తా నువ్వు అయిపోయింది. "ప్రతిదానికీ మంచీ చెడూ చెబుతావుగా. నా గురించి ఏమంటావు?"

పేజీలకు పేజీలు రాసే మనిషి రెండు మాటల్లో తేల్చేశాడు. "నువ్వంటే ఇష్టం," అన్నాడు. "వంక పోతే నీ దగ్గరికి రాలేనని భయమేసింది. తప్పు చేశాను."

ఆమె తమ ఫ్లాట్ తలుపు వైపు చూపించింది. "ఇల్లు మారడం లేదు. నాన్న లోపలున్నారు. ఇదే మాట ఆయనతో చెప్పు. నసగకుండా."

అతను వెళ్ళి నసుగుతూనే చెప్పాడు. లైటు సంగతి కూడా దాచలేదు. ముసలాయన అంతా విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మూడు వారాలు దాచావు. ఇక ముందు జీవితమంతా నిజం చెప్పగలవా?"

"చెబుతానండీ."

ఆయన కూతురి వైపు చూశాడు. ఆమె కిటికీలోంచి వానను చూస్తూ నవ్వు ఆపుకుంటోంది.

"మరి నిలబడే ఉన్నావేం బాబూ, కూర్చో," అంటూ ఆయన సోఫాలో పక్కకు జరిగాడు.