సోమప్ప స్టూడియోలో ఆడమనిషి

మడకశిరలో సోమప్ప స్టూడియో ఉండే సందులోకి పొద్దు గూకినాక ఎవరూ పోరు. సోమప్ప సచ్చిపోయి శానా ఏండ్లాయ. తలుపుకు తాళం. అయినా లోపల ఎవరో ఆడమనిషి తిరుగుతాదని ఊరంతా చెప్పుకుంటారు. పని నుంచి ఆలస్యంగా వచ్చేటోళ్లు చుట్టు తిరిగి పోతారు గానీ ఆ సందు తొక్కరు.

రూతు మాత్రం పోయింది. ఆయమ్మ చెప్పగా విన్నదే నేను చెప్తాండా.

రూతు మొగుడు జోయల్ పెండ్లిళ్లకు ఫొటోలు తీస్తాడు. కొన్నాళ్లుగా చీకటి పడంగానే కెమెరా భుజానికేసుకొని పోతాండాడు. యాడికంటే చెప్పడు. అన్నం తింటాన్నా ధ్యాస ఇంకెక్కడో.

ఒకనాడు పక్కింటి చిన్నక్క గోడ మీద నుంచి గుసగుసగా అనింది—

"మీ ఆయన చీకటి పడితే సోమప్ప స్టూడియోలో ఉంటాడంట మే. తలుపేసుకొని... ఎవరితోనో మాట్లాడతాంటాడంట."

"ఎవరితో?"

"ఆడమనిషితోనంట. దెయ్యమో, ఏమో..."

రూతు మనసులో అనుకునింది— దెయ్యమైతే ప్రార్థన చేస్తే పోతాది. ఆడమనిషైతే?

ఆ పొద్దే మొగుని వెనకాలే పోయింది. సందులో దీపం లేదు. గాలికి యాడిదో రేకు కొట్టుకుంటాది... ఆగుతాది... మళ్లా కొట్టుకుంటాది. తలుపుకు చెవి ఆనించింది.

లోపల జోయల్ గొంతు. పెండ్లైన కొత్తలో తనతో మాట్లాడిన గొంతు—

"కదలొద్దు... ఒక్క నిమిషం... ఎంత సక్కగుండావు!"

తలుపు సందులోంచి తొంగి చూసింది.

చీకటి. ఆ చీకట్లో ఒక ఆడమనిషి ముఖం వెలుగులో తేలుతాంది. ముఖం బొగ్గు నలుపు. జుట్టు పాల తెలుపు. కండ్లు కిందికి వాలి...

దెయ్యమే అనుకునింది. అయితే ఆ ముఖానికి అంత దగ్గరగా తన మొగుడు! భయం కంటే కడుపుమంటే ఎక్కువైంది. తలుపు ఒక్క తోపు తోసింది.

"ఎవతది?"

జోయల్ ఉలిక్కిపడి లైటేసినాడు. గదిలో ఇంకెవరూ లేరు. బల్ల మీద వెలిగే పలక, దానిమీద మూడు వేళ్ల వెడల్పు పాత నెగెటివ్, పైన స్టాండుకు కిందిచూపుగా బిగించిన కెమెరా. ఆ ముఖం కంప్యూటర్ తెర మీద ఉండాది.

"సోమప్ప కొడుకు తాళంచెవి ఇచ్చి, ఈ నెగెటివులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించమన్నాడు. బయటి వెలుగు పడితే బొమ్మ చెడతాది. అందుకే చీకట్లో..."

"కదలొద్దని ఎవరికి చెప్తివి?"

"ఫిలింకు. చుట్టుకొని పోతాంది."

"సక్కగుండావని?"

జోయల్ తెర వైపు తిరిగినాడు. ఒక మీట నొక్కినాడు. తెర మీద నలుపు తెలుపాయ, తెలుపు నలుపాయ. ఒళ్లో పసిబిడ్డ. తల వంచి ఆ బిడ్డనే చూస్తాంది ఒక పడుచు. పక్కన నిలబడినోడు— జోయల్ నాయన!

"మా యమ్మ, రూతూ. నన్ను కన్న నెలకే పోయింది. మొన్నటిదాకా ఈ ముఖం ఎట్లుంటాదో నాకు తెలీదు. ఖాయం చేసుకొని చెప్దామనుకుంటి."

రూతు ఏడ్చింది. ఫొటోను పటం కట్టించి, తానే గోడకు తగిలించింది.

ఇంక జోయల్ పొద్దున లేస్తానే ఆ పటం ముందర నిలబడతాడు. పనికి పోతా చెప్పేది దానికే. రాత్రి వచ్చి పలకరించేది దాన్నే. రూతు వడ్డించి కూర్చుంటే కూడు చల్లారిపోతాంది.

ఒక రాత్రి ఆయప్ప నిద్రపోయినాక రూతు పటం దగ్గరికి పోయి మెల్లగా అనింది—

"కన్నది నువ్వే గానీ... ఈయన నావోడు."

పటంలోని మనిషి బిడ్డను చూడటం మానేసింది. తలెత్తి... రూతునే చూస్తాంది.

తెల్లారినాక పటం మొగునికి చూపించింది.

"ఏమైంది మే?" అన్నాడు జోయల్. "మా యమ్మ మొదటినుంచీ నిన్నే కదా చూస్తాండేది!"