మంచు ట్రేలో రెండు సీసాలు

ఆస్పత్రి లిఫ్టు తలుపులు తెరుచుకునేసరికి సైంటిస్టు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ప్రాణం మాత్రం లేదు. మెడ మీద సూది గుచ్చిన గుర్తు. కొత్త మందును చూడగానే గుర్తుపట్టగల మనిషి ఆయన ఒక్కడే.

సీక్రెట్ సర్వీస్ బ్రీఫింగ్ వ్యాన్‌లోనే జరిగిపోయింది. కిడ్నీ కణాల్లో ఒక జన్యువు ఉంది. వాపు మొదలెట్టమని ఆర్డరిచ్చేది అదే. పని అయ్యాక దాని స్విచ్ ఆఫ్ కావాలి. కొందరిలో అది ఆఫ్ కాదు, అప్పుడు కిడ్నీ తన మంటలో తనే కాలిపోతుంది. కొత్త మందులోని ఆర్‌ఎన్‌ఏ ముక్క ఆ ఆర్డరును దారిలోనే తెంచేస్తుంది. విదేశీ ముఠా తయారుచేసిన నకిలీ మందు మాత్రం స్విచ్‌ను ఇంకా గట్టిగా నొక్కుతుంది. అసలు సీసా కొట్టేసి దాని చోట ఈ నకిలీని పెట్టాలని వాళ్ల ప్లాన్. తొలి పేషెంటు పోతే ప్రయోగం మూతపడుతుంది, దొంగిలించిన అసలు సీసా వాళ్ల సొంత సరుకైపోతుంది.

"తొలి పేషెంటు మీ అక్క. రూల్ ప్రకారం నిన్ను పంపకూడదు. కానీ ఆ వార్డు నీకు తెలిసినట్టు మరొకరికి తెలీదు," అన్నాడు చీఫ్.

ఏజెంటుకి డిపార్టుమెంటులో పిల్లి అని పేరు. ఫ్లోర్ తుడిచేవాడి వేషంలో కారిడార్ అంతా కాలుగాలిన పిల్లిలాగే తిరిగాడు. అమ్మ పోయాక అన్నం కలిపి పెట్టి పెంచిన అక్క, ముఖం ఉబ్బిపోయి వార్డులో పడుకుని ఉంది. ఇంకో సీసా తయారయ్యేదాకా ఆ కిడ్నీలు ఆగవు. అతనికి భయం వేసింది. ఉద్యోగంలో చేరాక ఇంత భయం ఎప్పుడూ ఎరగడు.

వార్డు పక్కనే అద్దాల గది, మందులు కలిపేది. లోపల ఎవరో కదిలారు. తలుపు తోశాడు.

వజ్రం. అది ఆమె కోడ్‌నేమ్. మాస్కు వేసినా దాగని అందం. మందుకు కాపలాగా సర్వీసే ఆమెను ల్యాబులో పెట్టింది. ఇప్పుడు ఆమె ముందు మంచు ట్రేలో ఒకేలాంటి సీసాలు రెండున్నాయి. కంచే చేను మేసిందని పిల్లికి అర్థమైంది.

పిస్తోలు తీశాడు. ఆమె నవ్వుతూ సీసాలను గబగబా తారుమారు చేసింది.

"కాల్చు. ఏది అసలుదో నాకొక్కదానికే తెలుసు. నన్ను వెళ్లనిస్తే చెప్తా."

ఆ మాట నమ్మడమంటే కొరివితో తల గోక్కోవడమే. అవతల నర్సు మందు కోసం తొందరపెడుతోంది.

పిల్లి ఎడమచేతి గ్లవ్‌ను పళ్లతో లాగేశాడు. చేతి చెమట తగిలితే ఆర్‌ఎన్‌ఏ తునాతునకలవుతుంది. అందుకే ల్యాబులో ఎవరూ ఒట్టి చేత్తో ఆ మందు జోలికి పోరు. మొదటి సీసా మూత తీసి, వేలు ముంచబోయి ఆగాడు. వజ్రం రెప్ప కూడా ఆడించలేదు. రెండోదాని మూత మీద బొటనవేలు పెట్టాడు.

ఆమె రెండు చేతులతో అతని మణికట్టు పట్టేసుకుంది. ఎదురుగా ఉన్న పిస్తోలు సంగతే మరిచిపోయింది. ఆర్నెల్లు ఆ మందుకు కాపలా కాసిన అలవాటూ, దాని మీద పెట్టుకున్న ఆశా కలిసి ఆమె బుర్రకంటే ముందు కదిలాయి. చేసిన తప్పు తెలిసేలోగా బేడీలు పడ్డాయి. రెండో సీసాలోని మందు అక్క రక్తంలోకి ఎక్కింది.

కొన్నాళ్లకు వాపు దిగింది. అక్క తమ్ముణ్ణి మంచం దగ్గరికి పిలిచింది.

"అద్దంలోంచి అంతా చూశాన్రా. ఇన్నాళ్లకి నీ చెయ్యి వదలని పిల్ల కనబడింది. ఎక్కడుంటోంది?"

పిల్లి గొంతు సవరించుకున్నాడు.

"గవర్నమెంటు క్వార్టర్సులో అక్కా. ఇప్పట్లో ట్రాన్స్‌ఫర్ కూడా ఉండదు."