ఆకుపచ్చ సిరా సంతకం

1962 జూన్ నాలుగు, సోమవారం. గుంటూరు బ్రాడీపేటలోని మేడమీద గదిలో డిటెక్టివ్ అనంతపద్మనాభం పెసరట్టు తింటున్నాడు. ఆయనకు పెళ్ళయి నలభై రోజులైంది. ఆయన అసిస్టెంటు కామేశ్వరికి కూడా పెళ్ళయి సరిగ్గా నలభై రోజులే. భార్యా ఆవిడే, అసిస్టెంటూ ఆవిడే.

"మొన్న శనివారం ఓడరేవు తీసుకెళ్ళి సముద్రం చూపిస్తానన్నారు," అంది కామేశ్వరి అల్లం పచ్చడి వడ్డిస్తూ. "అమావాస్యనాడు ప్రయాణమేమిటని అత్తయ్యగారు ఆపేశారు. ఈ శనివారమైనా తీసుకెళ్తారా?"

"తప్పకుండా" అని ఆయన అనేలోపే మెట్లమీద ఎవరో పరుగెత్తుకొస్తున్న చప్పుడైంది.

తలుపు దగ్గర పొడుగాటి యువకుడు ఆయాసపడుతూ నిలబడ్డాడు. తెల్ల చొక్కా భుజాన పేడ మరక ఎండిపోయి ఉంది. కామేశ్వరి చేతిలో గరిటె ఆగిపోయింది.

"మీరు సీతారామాంజనేయులు గారు కదూ! చీరాల చేనేత క్లబ్బు! ఏప్రిల్‌లో ఫైనలు చూస్తూ అరిచి అరిచి నాకు మూడు రోజులు గొంతు పెగల్లేదండీ!"

ఆ మాటకు అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇవాళ మా ఊళ్ళో అలా అనేవాళ్ళు ఒక్కరూ లేరమ్మా."

అనంతపద్మనాభం చేయి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. "మొదటినుంచీ చెప్పండి."

బాల్ బ్యాడ్మింటన్ పోటీలు ఏప్రిల్‌తో ముగుస్తాయి. ఆటగాళ్ళు క్లబ్బు మారాలంటే జూన్ మొదటి నాలుగు రోజులే గడువు. అంతకు ముందు చేసిన సంతకం చెల్లదు. ఆటగాడూ, ఒక సాక్షీ సంతకం చేసిన ఫారాన్ని జిల్లా సంఘం ఆమోదించిందంటే రెండేళ్ళు ఆ క్లబ్బుకే ఆడాలి. గుంటూరు మిర్చి వర్తకుల క్లబ్బు సీతారామాంజనేయులు పేరుతో ఫారం దాఖలు చేసింది. నిన్న పేపర్లో ఆ వార్త వచ్చింది. ఇక్కడ మిర్చి కొట్ల ముందు టపాకాయలు కాల్చారు. అక్కడ చీరాలలో అతని గుమ్మంలో ఎవరో ఆట బంతిని, ఆ ఉన్ని బంతిని, రెండుగా కోసి పడేశారు, వీధిలోకొస్తే మీద పేడ కొట్టారు.

"నేను క్లబ్బు మారలేదండీ. గుంటూరు వాళ్ళు ఉద్యోగమిస్తాం రమ్మంటే రానన్నాను. నెలకొక్క అమావాస్యనాడు తప్ప మా వీధిలో మగ్గం ఆగదు. ఆ మగ్గాన్నీ ఆ కోర్టునీ వదిలి ఎక్కడికి పోతాను? సాయంత్రం అయిదింటికి ఫారం ఆమోదిస్తారట. ఆ తర్వాత మా ఊళ్ళో తలెత్తుకుని తిరగలేను."

"ఫారం చూశారా?"

"చూశాను. సంతకం నాదే. నా భయమంతా అదే." అతను గొంతు తగ్గించాడు. "ఆకుపచ్చ సిరాతో ఉంది. ఆ సిరా పెన్ను మా మీరావలిది. పన్నెండేళ్ళుగా నా పక్కన ఆడుతున్నవాడు. పోయిన ఆదివారం, మే ఇరవై ఏడున, ఉత్తమ ఆటగాడని నాకు వెండి బ్యాటు ఇచ్చి సన్మానం చేశారు. జనం ఆటోగ్రాఫుల కోసం మీదపడితే వాడే ఆ పెన్నిచ్చి, కాగితాలు ఒక్కొక్కటే అందించాడు. ఇప్పుడు వాడే నన్ను..."

అనంతపద్మనాభం చీరాలకు ట్రంకాల్ చేసి, సాయంత్రానికల్లా మీరావలిని సంఘం ఆఫీసుకు రమ్మని కబురు పెట్టాడు.

మధ్యాహ్నం దంపతులిద్దరూ మిర్చి వర్తకుల క్లబ్బు అధ్యక్షుడు చెంచురామయ్య కొట్టుకు వెళ్ళారు. ఎర్రటి బస్తాల మధ్య కామేశ్వరి వరసగా తొమ్మిదిసార్లు తుమ్మింది. పదోది వస్తుందేమోనని ఆయన రుమాలు పట్టుకుని సిద్ధంగా నిలబడటం ఆవిడకు భలే నచ్చింది.

"దొంగ సంతకమంటున్నాడా?" చెంచురామయ్య గొంతు వీధి చివరికి వినపడింది. "ఆ కుర్రాడంటే నాకు ప్రాణమయ్యా! వాడి సన్మానానికి మా తరఫున గజమాల పంపించాను. మా సెక్రటరీ స్వయంగా తీసుకెళ్ళాడు. ఏమయ్యా రామమూర్తీ, ఇటు రా!"

కళ్ళజోడు సర్దుకుంటూ రామమూర్తి వచ్చాడు. ఫారంమీద సాక్షి అతనే.

"శనివారం, రెండో తేదీ పొద్దున పదింటికి వాళ్ళింటికి వెళ్ళానండీ," అన్నాడు తడుముకోకుండా. "మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్నాడు. నన్ను చూసి చేతిలోని దారం నాడె పక్కన పెట్టి లేచాడు. సంతకం చేసి మళ్ళీ నేతలో పడ్డాడు."

"పెన్ను ఎవరిది?"

"అతనిదే. ఆకుపచ్చ సిరా."

"ఏమన్నా మాట్లాడాడా?"

"ఎక్కడండీ! వీధంతా మగ్గాల చప్పుడు. అరిచినా వినపడదు."

"చాలా సంతోషం," అన్నాడు అనంతపద్మనాభం. నిజంగానే సంతోషంగా ఉన్నాడు. కామేశ్వరి ఆయన ముఖం చూసింది, వీధిలోకి రాగానే ఆయన చెవిలో ఏదో చెప్పింది. ఆయన నవ్వి తలూపాడు.

నాలుగున్నరకు సంఘం ఆఫీసు బయట రెండూళ్ళ అభిమానులూ గుమిగూడి ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. లోపల కార్యదర్శి జక్రయ్య బల్లమీద ఫారం పెట్టుకుని కూర్చున్నాడు. మిర్చి క్లబ్బువాళ్ళిద్దరూ ఒక పక్క, సీతారామాంజనేయులు ఇంకో పక్క. మీరావలి తలుపు దగ్గరే నిలబడిపోయాడు.

"ఒరేయ్ ఆంజనేయులూ, నావైపు చూడవేంరా? నన్ను కూడా అనుమానిస్తున్నావా?"

సీతారామాంజనేయులు బల్లమీది ఫారంవైపే చూశాడు.

"శనివారం నీ పెన్ను ఎక్కడుంది మీరావలీ?" అడిగాడు అనంతపద్మనాభం.

"నా జేబులోనే ఉందండీ. నేను దర్శిలో మా అక్క జానీబీ ఇంట్లో ఉన్నాను. కావాలంటే ఊరంతా చెబుతుంది."

"అవసరం లేదు. జక్రయ్యగారూ, ఆ ఫారం ఇలా ఇవ్వండి. ఇందులో వివరాలన్నీ నీలం సిరాతో రాశారు. ఆటగాడి సంతకం ఒక్కటే ఆకుపచ్చ. కాగితం మీద అడ్డంగా రెండు, నిలువుగా ఒకటి మడతలున్నాయి. ఆ మడతల మీదే మళ్ళీ మడుస్తున్నాను, చూడండి."

ఆయన మడిచాడు. అచ్చు అక్షరాలన్నీ లోపలికి పోయాయి. అరచేతిలో పట్టే తెల్లటి చీటీ మిగిలింది. దాని మధ్యలో ఆకుపచ్చ సంతకం, అంతే.

"ఇది ఆటోగ్రాఫు!" అన్నాడు జక్రయ్య.

"సన్మానం రోజున జనం చాచిన కాగితాల్లో, గజమాల తెచ్చినాయన చాచిన కాగితం ఇది. మీరావలి తెలియక అందుకున్నాడు, ఇతను చూడకుండా సంతకం చేశాడు. కానీ మేలో చేసిన సంతకం చెల్లదు. అందుకని జూన్ తేదీ వేసి, చీరాల వెళ్ళినట్టు ఒక కథ అల్లాలి. అల్లినాయన మిర్చి సంగతి తెలిసినవాడు, నేత సంగతి తెలియనివాడు. నేతగాడు ఎప్పుడు చూసినా నేస్తూనే ఉంటాడనుకున్నాడు. కామేశ్వరీ, శనివారం మనం ఓడరేవు ఎందుకు వెళ్ళలేదు?"

"అమావాస్య కాబట్టి!" ఆవిడ గొంతు గంటలా మోగింది. "అమావాస్యనాడు వాళ్ళ వీధిలో మగ్గం ఆడదు. రామమూర్తిగారికి మాత్రం వీధంతా మగ్గాల చప్పుడు వినపడింది."

రామమూర్తి కళ్ళజోడు తీసి తుడవసాగాడు.

"ఏమయ్యా, మాట్లాడవేం?" చెంచురామయ్య లేచాడు.

"ఫైనలు ఓడిన రోజున మీరే కదండీ అన్నారు, వచ్చే ఏటికి అతన్ని తేలేకపోతే క్లబ్బు గుమ్మం తొక్కొద్దని. పదేళ్ళుగా ఆ క్లబ్బే నా లోకం. అతను రానన్నాడని మీకు చెప్పలేకపోయాను. ఒకసారి పేపర్లో పడితే వాళ్ళ ఊరే అతన్ని తరిమేస్తుంది, తప్పక మన దగ్గరికే వస్తాడనుకున్నాను."

చెంచురామయ్య గొంతు మొదటిసారి తగ్గింది. "నేనన్న మాటకి నేనే సిగ్గుపడాలి. పద, బయట జనానికి మనిద్దరమే చెప్పాలి."

జక్రయ్య ఫారం మీద ఎర్రసిరాతో అడ్డగీత కొట్టాడు. కాసేపటికి బయట తిట్లు ఆగి, చీరాల వాళ్ళ కేకలు కిటికీలు అదిరేలా లేచాయి.

సీతారామాంజనేయులు తలుపు దగ్గరికి వెళ్ళాడు. "ఒరేయ్ మీరావలీ..."

"నోరు మూసుకో. ఏడింటి బస్సు తప్పిపోతే నిన్ను నడిపిస్తాను," అంటూ మీరావలి అతని భుజంమీది ఎండిన పేడను దులిపాడు.

"ఒక్క నిమిషం!" కామేశ్వరి సంచిలోంచి కాగితం తీసి చాచింది. "ఆటోగ్రాఫండీ."

మీరావలి ఆకుపచ్చ పెన్ను ఇచ్చాడు. సీతారామాంజనేయులు కాగితం అందుకున్నాడు. మడత విప్పాడు. రెండో మడత కూడా విప్పాడు. వెనక్కి తిప్పి చూశాడు. ఆ తర్వాత, ఆ రోజు మొదటిసారిగా గట్టిగా నవ్వి, కాగితం నిండా పెద్దగా సంతకం చేశాడు.