రాజుగారు వచ్చేదాకా

హెబ్రోను, ఫేబీ మొదటిసారి పోట్లాడుకున్నది కూల్‌డ్రింక్ సీసా గురించి. ప్రేమకథ ఇంతకన్నా గొప్పగా మొదలుకావచ్చు. అల్లూరులో మాత్రం జరిగింది ఇదే.

అల్లూరు సెంటర్‌లో రొయ్యల గుంటల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబ్ ఉంది. ఫేబీ అక్కడ టెక్నీషియన్. హెబ్రోను గంగాధరం గారి గుంటల మీద కొత్తగా చేరిన సూపర్‌వైజర్. గుంట నీళ్ళు పట్టుకురమ్మంటే చేతికి దొరికిన ఖాళీ సీసాలో పట్టుకొచ్చాడు.

"ఏంది ఇది?" అంది ఫేబీ.

"గుంట నీళ్ళు మేడం."

"సీసా కడిగినావా?"

"మొత్తం తాగేసినాను గదా, ఇంక కడిగేదేముంది?"

"దీన్ని టెస్ట్ చేస్తే, మీ గుంటలో రొయ్యలు కాదు, నిమ్మకాయ సోడా పెంచతా ఉండారని రిపోర్ట్ వస్తది."

వెనక నిలబడ్డ రైతులంతా నవ్వారు. హెబ్రోను చెవులు ఎర్రబడ్డాయి. సరిగ్గా అప్పుడే అతని జేబులోంచి కొమ్ముబూర మోగింది, పాతకాలపు యుద్ధంలో ఊదినట్టు. అతను కంగారుగా ఫోన్ తీసి నొక్కేశాడు.

ఫేబీ కౌంటర్ మీదికి వంగింది. "సప్తదుర్గమా?"

"మీకెట్టా తెలుసు?"

"ఒక్క నిమిషం. నల్లరాతి కోట వాకిట్లో ఒంటరిగా నిలబడుండేది నువ్వేనా? వజ్రుడు?"

హెబ్రోను ఫోన్ వైపు, ఆమె వైపు మార్చి మార్చి చూశాడు.

"రోజూ బంగారం పంపిస్తా ఉండా గదయ్యా, మా వైపు రమ్మని! సేనాని జ్వాలని నేనే."

ఇన్నాళ్ళూ జ్వాల అంటే ఏ బెంగుళూరు హాస్టల్లోనో పడుకుని ఆడే గడ్డం కుర్రాడనుకున్నాడు హెబ్రోను. ఆ సేనానికి పొడుగాటి జడ, తెల్లకోటు, ఎడమ బుగ్గ మీద సొట్ట ఉంటాయని ఊహించలేదు. సీసా అక్కడే వదిలేసి వచ్చేశాడు.

సప్తదుర్గం ఆన్‌లైన్ ఆట. అందులో తెలుగువాళ్ళ రాజ్యం ఒకటుంది. అక్కడ గెలుపు కన్నా పాత్ర ముఖ్యం. లోపల అడుగు పెట్టాక పాత్రలాగే మాట్లాడాలి, పాత్ర ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలి, బయట ఎవరెవరో అడగకూడదు.

నల్లరాతి కోటకి రాజు రణధీరుడు. ఒక బుధవారం పొద్దున కొలువుదీరి, "మేము తపస్సుకై అరణ్యమునకు పోవుచున్నాము. తిరిగి వచ్చువరకు ఎవ్వరికిని తలుపు తీయవలదు" అని ఆజ్ఞాపించి మాయమైపోయాడు. ద్వారపాలకుడు వజ్రుడు, అంటే మన హెబ్రోను, "తమ ఆజ్ఞ" అన్నాడు.

రాజు మళ్ళీ కనపడలేదు. ఆట మానేశాడనుకుని సైనికులు ఒక్కొక్కరే ఎదుటి రాణి పక్షంలోకి దూకేశారు. ఆఖరికి కోట వంటవాడు కూడా గరిటె పట్టుకుని వెళ్ళిపోయాడు. వజ్రుడు మాత్రం వాకిట్లోనే ఉన్నాడు.

ఇక ల్యాబ్ సంగతి. గుంట నీళ్ళు వారానికి రెండుసార్లు పరీక్ష చేయిస్తే చాలు. హెబ్రోను రోజూ తెచ్చేవాడు. ఇప్పుడు మాత్రం శుభ్రమైన సీసాలో.

"రోజూ ఏం మారతాయి ఈ నీళ్ళు?" అనేది ఫేబీ.

"నీళ్ళు బాగానే ఉండాయి మేడం. నాకే బాగుండటంలా."

"దానికి ఇక్కడ టెస్ట్ లేదు. పో."

పొమ్మనేది గాని రిపోర్ట్ ఇవ్వడానికి కావాలనే ఆలస్యం చేసేది. సాయంత్రమైతే ఆటలో జ్వాలగా వచ్చి కోట ముందు గుర్రం ఆపేది. "వజ్రుడా, ఖాళీ కోటకి కాపలా ఏల? మా రాణి కొలువులో నీకు బంగారు కవచము కలదు."

"కవచము ఉన్నది సేనానీ, తమరి చూపులకే అది చాలకున్నది" అనేవాడు వజ్రుడు. చూశారా, పాత్రలో ఉన్నప్పుడు మనవాడికి మాటలు ఎట్లా వస్తాయో!

కొన్ని వారాలకి 'మేడం' పోయింది. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక ఇద్దరూ ఇసకపల్లి బీచ్‌కి వెళ్ళారు. ఎండాకాలంలో ఎవరూ పిలవని వాన వచ్చింది. ఒడ్డున బోటు మీద కప్పిన పట్టా కిందికి దూరారు. ఫేబీ చున్నీ పిండుకుంటోంది. హెబ్రోను వాన చూస్తున్నట్టు నటిస్తూ ఆమెని చూస్తున్నాడు. నటన బొత్తిగా కుదరలేదు.

"వాన అటు పడతా ఉండాది" అంది ఫేబీ.

"తెలుసు."

ఆమె నవ్వింది. "మా అమ్మకి నీ గురించి చెప్దామనుకుంటా ఉండా" అంది.

హెబ్రోను వాన చూస్తున్నట్టు నటించడం మానేశాడు. ఫేబీ వాళ్ళమ్మ రెబెక్కమ్మ కోవూరులో నర్సు. భర్త పోయాక ఒక్కతే కూతుర్ని పెంచింది. ఊళ్ళో అందరికీ సిస్టరమ్మ.

"ఏమంటది మీ అమ్మ?"

"ఇప్పుడైతే ఎవరేమన్నా కసురుకుంటది. శ్రమ దినాలు గదా, ఈస్టర్ దాకా ఏదో ఒకటి మానుకోమన్నారు పాస్టరుగారు. ఏం మానుకుందో చెప్పదు. టీ మాత్రం తాగతానే ఉండాది. చిరాకు మాత్రం ఇంటినిండా ఉండాది." ఫేబీ గొంతు తగ్గించింది. "ఒక్కటే మాట అంటది. అల్లుడికి ఆస్తి లేకపోయినా పర్లేదు, నిలకడ ఉండాలంట."

హెబ్రోను ఇసుక వైపు చూశాడు. నెల్లూరులో సెల్‌ఫోన్ షాపు, తర్వాత కొరియర్, ఆ తర్వాత ఫైనాన్స్ కంపెనీ, ఏదీ ఏడాది నిలవలేదు. ఇంట్లో అతనికి 'గాలిపటం' అని పేరు.

"ఇంకోటి అడగతా, కాదనబాకు" అంది ఫేబీ. "ఈస్టర్ సాయంత్రం ఐదింటికి మీ కోట ముట్టడి. ముందు లోపలికి పోయినోళ్ళకే తీరం మొత్తం మీద అధికారం. మా పక్షంలోనే ఇంకో సేనాని, ఆ నరేంద్రబాబు లేడూ, ఆడపిల్ల సేనాని ఏందని రోజూ ఎగతాళి చేస్తాడు. వాడికన్నా ముందు నేను పోవాల. నువ్వు నాకు తలుపు తియ్యి. చాలు."

హెబ్రోను తల అడ్డంగా ఊపాడు.

"నన్ను అడుగు ఫేబీ, ఏదైనా ఇస్తా. వజ్రుణ్ణి అడగబాకు. వాడు ఇంకొకరికి మాటిచ్చినాడు."

"ఎవరికి? ఆ రాజుకా? వాడు యాడున్నాడో, ఎవడో కూడా నీకు తెలవదు!"

"వస్తానన్నాడు."

"రాడు! అందరికీ తెలుసు రాడని!"

"అందరూ పోయినారు గదా. నేను కూడా పోతే, వస్తే ఎవరుంటారు?"

ఫేబీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నాకన్నా ఆట ఎక్కువ నీకు. మూడు ఉద్యోగాలు వదిలినోడివి, ఉత్తుత్తి కోట దగ్గర మాత్రం పాతుకుపోయినావు."

ఆ మాట హెబ్రోనుకి గట్టిగా తగిలింది. అయినా కోపం రాలేదు. "అందుకే ఫేబీ. బయట యాడా నిలబడలా నేను. ఆ ఒక్క చోటన్నా నిలబడనీ."

ఆమె పట్టా కిందినుంచి లేచి వానలోనే స్కూటీ దగ్గరికి నడిచింది. మర్నాటి నుంచి ల్యాబ్‌లో రిపోర్ట్ కౌంటర్ మీదికి వచ్చేది గాని మాట వచ్చేది కాదు. ఆటలో కూడా జ్వాల గుర్రం ఆపడం మానేసింది. హెబ్రోను రెండుసార్లు తలుపు గడియ మీద చెయ్యి వేశాడు. తీసేస్తే ఆమె నవ్వుతుంది. తీసేస్తే తనకి మిగిలేది గాలిపటమే. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఈస్టర్ నాడు మధ్యాహ్నం గంగాధరం గారు పిలిచారు. "అబ్బయ్యా, కోవూరులో సిస్టరమ్మకి ఏటా పండక్కి రొయ్యలు పంపిస్తాం. మా పిలకాయల కాన్పులన్నీ చూసిన తల్లి. ఇచ్చేసి రా."

సిస్టరమ్మ ఎవరో హెబ్రోనుకి తెలుసు. తెలిసే చొక్కా ఇస్త్రీ చేసుకుని, ఐస్‌బాక్స్ బండికి కట్టుకుని బయలుదేరాడు.

తలుపు తీసింది రెబెక్కమ్మ. ముక్కు మీద కళ్ళజోడు, చేతిలో గరిటె, ముఖంలో పండగ. "గంగాధరం పంపించినాడా? రా నాయనా, కూర్చో. బిర్యానీ తినకుండా పోయేది లేదు."

గదిలోంచి తొంగిచూసిన ఫేబీ, అతన్ని చూసి తలుపు ధడాలున వేసుకుంది.

"దానికి కొన్నాళ్ళుగా గాలి సోకింది, నువ్వేమనుకోబాకు" అని రెబెక్కమ్మ రొయ్యలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది.

ఐదయింది. హెబ్రోను జేబులో కొమ్ముబూర మోగింది. ఫేబీ గదిలోనూ మోగింది. వంటింట్లోనూ మోగినట్టనిపించింది. గోడలకి తగిలి తిరిగొచ్చిందేమో అనుకుని హెబ్రోను గబగబా ఫోన్ తెరిచాడు.

కోట ముందు నేల కనపడనంత సైన్యం. ముందు గుర్రం మీద జ్వాల. ఆ జ్వాల ఉన్నది ఈ గోడ అవతలే.

"వజ్రుడా," అంది జ్వాల, "కడసారి అడుగుచున్నాను. తలుపు తీయుము."

హెబ్రోను గోడ వైపు ఒకసారి చూసి టైప్ చేశాడు. "రాజాజ్ఞ లేనిదే తీయజాలను. మన్నింపుము సేనానీ."

అప్పుడు వంటింట్లోంచి రెబెక్కమ్మ గొంతు పెద్దగా, నాటకాల్లో లాగా వినిపించింది.

"వజ్రుడా! ఉన్నావా?"

హెబ్రోను ఉలిక్కిపడి తలెత్తాడు. మళ్ళీ ఫోన్ చూశాడు. తెర మీద బంగారు అక్షరాల్లో అదే మాట. *మహారాజు రణధీరుడు: వజ్రుడా! ఉన్నావా?*

అతను కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు. గబగబా టైప్ చేశాడు. "ఉన్నాను మహారాజా. తమ కొరకే ఉన్నాను."

"భళా! మా తపస్సు ముగిసినది!" అంటూ ఫోన్‌ని నోటి దగ్గర పెట్టుకుని రెబెక్కమ్మ వంటింట్లోంచి హాల్లోకి వచ్చింది. టైపింగ్ చేతకాక ఆమె మాటలన్నీ ఫోన్‌కి చెప్పి రాయిస్తుంది. హెబ్రోను చేతిలో తెర మీద నల్లరాతి కోట కనపడగానే ఆమె ఆగిపోయింది.

"నువ్వా?" అంది.

"అమ్మా... తమరా మహారాజా?"

గది తలుపు తెరుచుకుంది. ఫేబీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది. "అమ్మా! రణధీరుడివి నువ్వా? నువ్వు మానుకుంది..."

"టీ మానలేక ఆట మానుకున్నా. బయట చెప్తే నవ్వతారని చెప్పలా. లోపల శ్రమ దినాలని అనకూడదు గదా, అందుకని తపస్సన్నా." రెబెక్కమ్మ కళ్ళజోడు సర్దుకుని, కూతురి చేతిలో ఫోన్ మీద గుర్రాన్ని చూసింది. "ఉండు. నన్ను ముసలి నక్క అనే ఆ జ్వాల నువ్వేనా?"

శ్రమ దినాలు మొదలయ్యే బూడిద బుధవారం నాడు వెళ్ళిన రాజు ఈస్టర్‌కి వస్తాడని, బైబిల్లోని ఊరిపేరు పెట్టుకున్న హెబ్రోనుకి తట్టాలి. తట్టలేదు. ఫేబీకీ తట్టలేదు. ప్రేమలో ఉన్నవాళ్ళకి పంచాంగం పనిచేయదు.

రెబెక్కమ్మ హెబ్రోను వైపు తిరిగింది. "అందరూ పోయినారే. నువ్వెందుకు పోలా?"

"వస్తానని చెప్పి పోయినారు గదమ్మా."

ఆమె కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. అవసరం లేకపోయినా ఇంకోసారి తుడుచుకుంది.

"నేనడిగినా తీయలేదమ్మా," అంది ఫేబీ. "పెళ్ళి చేసుకుందామనుకున్న పిల్ల అడిగినా తీయలా. నేనేమో మాట్లాడ్డం మానేసినా."

పెళ్ళి అన్న మాట హాల్లో అందరికీ వినపడింది. వంటింట్లో సన్నటి మంట మీద రొయ్యలు చిటపటలాడుతున్నాయి.

రెబెక్కమ్మ ఫోన్ ఎత్తింది. "వజ్రుడా, తలుపు తీయుము. వచ్చినది నా కూతురు."

హెబ్రోను వేలు గడియ మీదికి వెళ్ళింది. ఫేబీ అతని చెయ్యి పట్టుకుంది.

"తీయబాకు."

"రాజుగారే చెప్పినారు గదా!"

"జ్వాల కూడా రాణికి మాటిచ్చి ఉండాది. అమ్మ తలుపు తీస్తే పోయే సేనాని ఏం సేనాని? నువ్వు అట్నే నిలబడు హెబ్రోను. నేను పగలగొట్టుకునే వస్తా." ఆమె కళ్ళు తడిగానే ఉన్నాయి, సొట్ట మాత్రం పడింది. "నీ మీద నాకు కోపం లేదు. నువ్వంటే ఇష్టం. ఇప్పుడు నా చేతిలో చావు."

ముగ్గురూ ఒకే సోఫాలో కూర్చున్నారు. రాజు, ద్వారపాలకుడు ఒక పక్క, ప్రపంచమంతా ఒక పక్క. "కుడివైపు చూసుకో నాయనా!" అని రాజు అరుస్తుంటే, ఆ పక్కనే కూర్చున్న శత్రువు "అమ్మా, గట్టిగా చెప్పబాకు, నాకు వినపడతా ఉండాది!" అని కసిరింది. నరేంద్రబాబు సైన్యం చేరకముందే తలుపు విరిగింది. అందరికన్నా ముందు లోపల అడుగు పెట్టింది జ్వాల. వజ్రుడు ఆమె కాళ్ళ దగ్గర ఖైదీ అయ్యాడు.

రాజ్యమంతా చూస్తోంది. జ్వాల అడిగింది. "ఓడినను మాట తప్పని వీరుడా, ఏమి కోరెదవు?"

హెబ్రోను పక్కకి చూడలేదు. చూస్తే టైప్ చేయలేడు. "మా మహారాజు అనుమతించినచో, ఇకమీదట తమ ఇంటి వాకిలి కాచు భాగ్యము కోరుచున్నాను. జీవితాంతము."

ఫేబీ బొటనవేలు తెర మీద ఆగిపోయింది. బుగ్గలు ఎర్రబడ్డాయి. ఇద్దరూ రెబెక్కమ్మ వైపు చూశారు. ఆమె కళ్ళజోడు పైనుంచి వాళ్ళిద్దర్నీ నిదానంగా చూసి, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుంది.

"అనుమతించితిమి. ఒసే ఫేబీ, రొయ్యలు మాడతా ఉండాయే, పొయ్యి కట్టెయ్!"

మొత్తం బంగారు అక్షరాల్లో రాజ్యమంతటికీ వెళ్ళిపోయింది. తర్వాత నరేంద్రబాబు అడిగాడు, "మహారాజా, ఫేబీ అనగా ఎవరు?"

తల్లీకూతుళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. హెబ్రోను ఫోన్ పక్కన పెట్టి, పొయ్యి కట్టేయడానికి తనే వంటింట్లోకి పరిగెత్తాడు.