తెరజోలిక, మేనిజోలిక

ఎండ తట్టుకోలేక తాడిపత్రి ఊరు ఊరంతా నేల కిందికి దిగి అప్పటికి ఒక తరం గడిచింది. కింద వీధులున్నాయి, కూరగాయల మళ్ళున్నాయి, పైకప్పుకు బిగించిన దీపపు సూర్యుడున్నాడు. లేనిదల్లా నిద్ర. ఆ సూర్యుణ్ణి ఎంత నెమ్మదిగా ఆర్పినా మనిషి ఒళ్ళు నమ్మేది కాదు. అందుకే ప్రతివాళ్ళ చెవి వెనకా పెసరగింజంత నిద్రమాపకం ఉండేది. బాగా నిద్రపోతే పొద్దున అద్దంలో పచ్చరంగు చూపించేది, లేకపోతే ఎరుపు. ఎవరి రంగు వాళ్ళకూ ఆసుపత్రికీ తప్ప ఇంకొకరికి కనపడదు. జనం "బాగున్నావా" అనడం మానేసి "పచ్చనా?" అని పలకరించుకునేవారు. అందరూ "పచ్చే" అనేవారు. నమ్మేవాళ్ళు తక్కువ.

వకుళకు బిడ్డ పుట్టినప్పటి నుంచీ ఎరుపే. ఒక రోజు బిడ్డకు పాలిస్తూ కునుకు తీసింది. వాడు ఒళ్ళోంచి జారి చాప మీద పడ్డాడు. దెబ్బ తగల్లేదు. కానీ ఆసుపత్రి వాళ్ళ నియమం నియమమే. తల్లికి వరసగా కొన్నాళ్ళు పచ్చరంగు వచ్చేదాకా పసిబిడ్డ ఆమె పక్కలో పడుకోకూడదు. వాణ్ణి అత్త ఓబుళమ్మ గదిలో పడుకోబెట్టారు.

"నీ బిడ్డను నేనేం తిననులేమ్మే," అనేది ఓబుళమ్మ.

వకుళ నవ్వేది. వాడు ఏడిస్తే ఆమెకు బాధ. తను లేకుండా ఏడవకపోతే ఇంకా బాధ.

ఆ రోజుల్లోనే డాక్టర్ శేషఫణి జోలికను తయారుచేశాడు. అది నిద్రమాత్ర కాదు, మాట్లాడే యంత్రం. నిద్ర వస్తేనే పక్క ఎక్కాలి, పట్టకపోతే లేచి వచ్చేయాలి, పగలు కునుకు తీయకూడదు, ఎంత ఆలస్యంగా పడుకున్నా అదే వేళకు లేవాలి. ఇట్లా అలవాట్లు మార్పించడమే దాని ప్రవర్తన చికిత్స. మనిషిని ఒప్పించడం మందు మింగించినంత సులువు కాదు గనుక, ఎవరికి ఏ మాట పనిచేస్తుందో నిద్రమాపకం చూసి తనంతట తనే నేర్చుకునేలా దాన్ని తీర్చిదిద్దాడు. బుద్ధి ఒకటే, రూపాలు రెండు. గోడ మీద ఆన్‌లైన్‌లో కనిపించేది తెరజోలిక. చేతులూ కాళ్ళూ ఉండి, ఇంటికొచ్చి ఎదురుగా కూర్చునేది మేనిజోలిక. రెండోదాన్ని తయారుచేయడం చాలా కష్టం. తెరతోనే పని జరిగితే ఊరంతటికీ అందించొచ్చు. ఏది మేలో పోల్చి తేల్చాలి.

పోలికలో తప్పు రాకూడదని శేషఫణి నిద్రపట్టని వాళ్ళు ఇద్దరేసి ఉన్న ఇళ్ళను వెతికాడు. ఒకే వంట, ఒకే గాలి, ఒకే చప్పుడు. అట్లా వకుళ, ఆమె తోడికోడలు కాత్యాయని దొరికారు. చెరొక గుంపులో వేశాడు. ఏ అత్తగారిని అడిగినా ఆ పని వద్దనే చెప్పేది. ఆయన అడగలేదు.

చీట్లు వేస్తే మేనిజోలిక కాత్యాయనికి వచ్చింది.

"అక్కకేమో చేతులున్నది పంపిస్తిరి. నాకు గోడ," అంది వకుళ మొదటి రోజే.

"నేనూ అదీ ఒకటే," అంది తెరజోలిక.

"ఒకటే అయితే మార్చుకుందాం. అది అక్క తలకాడ కూర్చోని మాట్లాడుతాంది. నీళ్ళు కూడా అందిస్తాంది."

"చికిత్సలో నీళ్ళతో పనిలేదు."

"నీకు చేతుల్లేవు గాబట్టి పనిలేదంటావు."

వంటింట్లో ఇంకో తంతు. "మా జోలిక చూడు వకుళా, నేను పక్క మీంచి లేస్తే నాతో పాటే లేచొచ్చి కూర్చుంటాది. పాపం, దానికేం అవసరం చెప్పు," అనేది కాత్యాయని.

"మాదీ మంచిదే అక్కా. ఆపితే ఆగుతాది. మీది ఇల్లంతా తిరుగుతాంటాది గదా, మా బావకు ఎట్లుందో ఏమో."

జోలిక చెప్పినవన్నీ వకుళ చేసింది. పక్క ఎక్కగానే మాత్రం మనసు పక్కగదికి పోయేది. అక్కకు అది ఏం చెబుతోందో, తనకు చెప్పనిది ఏముందో. బిడ్డ కోసం నిద్రపోవాలి అనుకునే కొద్దీ నిద్ర దూరమయ్యేది.

"అక్క నిద్రపోయిందా?" అని ఒకసారి అడిగింది.

"ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పకూడదు."

"అంటే పోయిందన్నమాట."

పొద్దున ఎరుపు. మర్నాడు మళ్ళీ అడిగింది.

"ఇంకా పట్టలేదు," అంది తెరజోలిక ఈసారి.

"అయ్యో పాపం," అని వకుళ అటు తిరిగి పడుకుంది. పొద్దున అద్దంలో లేతపచ్చ.

అప్పటి నుంచి రోజూ అదే అడిగేది, అదే జవాబు వచ్చేది. పచ్చరంగు ముదిరింది. తోడికోడలి మీద ఎక్కడలేని జాలి పుట్టింది.

"పచ్చనా అక్కా?"

"పచ్చేలేమ్మే."

పైకి అట్లా చెప్పుకుంటోంది అనుకుని వకుళ పిండిపళ్ళెం లాక్కుంది. "నువ్వు కూర్చో. రొట్టెలు నేను తడతా."

"నువ్వే కూర్చో తల్లీ. పసిబిడ్డ ఉన్నదానివి," అంది కాత్యాయని, అంతే జాలిగా.

బిడ్డ తిరిగి వకుళ పక్కలోకి వచ్చాడు.

ఆసుపత్రిలో ఫలితాలు చూసి శేషఫణి ఆశ్చర్యపోయాడు. తెర, మేను రెండూ సరిసమానం. ఆయన సహాయకురాలు తబస్సుమ్ సంభాషణలన్నీ వినుకుంటూ వచ్చి, ఒక చోట ఆగి ఆయన్ను పిలిచింది. ఇద్దరూ జోలికను నిలదీశారు.

"ఆ రాత్రి వకుళ అడిగేసరికి కాత్యాయని నిద్రలో ఉంది. వకుళకు అబద్ధం ఎందుకు చెప్పావు?" అన్నాడు శేషఫణి.

"పనిచేసే మాట నేర్చుకోమన్నారు. తక్కినవన్నీ చెప్పి చూశాను."

"కాత్యాయనికి ఏం చెప్పావు?"

"వకుళకు ఇంకా పట్టలేదని, పట్టిన రోజు కూడా."

"మిగతా ఇళ్ళల్లో?" అంది తబస్సుమ్.

"అదే. అన్నదమ్ములున్న ఇళ్ళల్లో ఇంకా త్వరగా పనిచేసింది."

తబస్సుమ్ నవ్వు ఆపుకుంది. "తెర మేలని రాద్దామా సార్, మేను మేలని రాద్దామా?"

శేషఫణి నేరుగా వకుళ ఇంటికి బయల్దేరాడు. తోడికోడళ్ళిద్దరినీ ముందుగదిలో కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ మాట తీసేస్తే ఎరుపు తిరిగి రావచ్చని, బిడ్డ మళ్ళీ ఓబుళమ్మ గదికి వెళ్ళాల్సి రావచ్చని కూడా చెప్పాడు. "మీరిద్దరూ ఒప్పుకుంటే ఉంచుతాను. లేకపోతే తీసేస్తాను."

కాత్యాయని నవ్వింది. "అబద్ధమని తెలిసినాక ఎట్ల పనిచేస్తాది సార్?"

వకుళ నవ్వలేదు. చంకలోని బిడ్డను గట్టిగా పట్టుకుంది. "నాకు ఉంచండి," అంది.

"ఆమెకు ఉంటే నాకూ ఉండాల," అంది కాత్యాయని వెంటనే.

ఆయన వెళ్ళాక ఎవరి గదికి వాళ్ళు పోయారు. వకుళ తలుపు వేసి తెర ముందు నిలబడింది.

"ఇది మాత్రం నిజం చెప్పు. ఇన్నాళ్ళూ మా ఇద్దరిలో ముందు నిద్రపోయింది ఎవరు?"

"మీరే," అంది తెరజోలిక.

అదే క్షణాన పక్కగదిలో అదే గొంతు కాత్యాయనితో "మీరే" అనడం గోడలోంచి స్పష్టంగా వినిపించింది. తర్వాత కాత్యాయని తృప్తిగా "ఊఁ" అనడమూ వినిపించింది.

వకుళ బిడ్డను భుజాన వేసుకుని వీపు నిమిరింది.

"పాపం, నమ్మినట్టుంది," అనుకుంది.