ఈశ్వరి చొక్కా

ఆదివారం పొద్దున్నే ఆఫీసు తెరుద్దామని మేడ మెట్లెక్కిన కామేష్‌కి, తలుపు ముందు కూలబడి ఉన్న మనిషి కనిపించాడు. యాభై దాటిన వయసు. చేతిలో ఆకుపచ్చ టోపీని నలుపుతున్నాడు.

విజయనగరంలో ప్రైవేటు డిటెక్టివ్ రాజకుమారి దగ్గర కామేష్ ఆరేళ్ళుగా సహాయకుడు. భయపడి వచ్చేవాళ్ళు అతనికి కొత్త కాదు. ఈ మనిషిలో మాత్రం భయం కన్నా అవమానమే ఎక్కువ కనిపించింది.

“నా పేరు ఎల్లాజీ అమ్మా. ఆమదాలవలస టేసన్ బయట టిఫిన్ బండి నాది,” అన్నాడతను రాజకుమారి రాగానే. “మద్దేనం మా జట్టు మొదటి ఆట. నన్ను గ్రౌండులోకి రావద్దన్నారు. దొంగనన్నారు.”

ఆమదాలవలస అమ్మాయిల బేస్‌బాల్ జట్టుకు అతను వీరాభిమాని. ఏటా మొదటి ఆట రోజున బండి కట్టేసి, మైదానం ఊడ్చి, సున్నంతో గీతలు గీసేది అతనే. జట్టులో బంతి విసిరే అమ్మాయి ఈశ్వరి పోయిన వానాకాలం విషజ్వరంతో చనిపోయింది. చివరి ఆటలో ఆమె తొడుక్కున్న జెర్సీ, ఆ రోజు విప్పి కవరులో పెట్టింది పెట్టినట్టే, సామాన్ల గదిలో ఉండిపోయింది. దాన్ని ఉతికి, ఇస్త్రీ చేసి, మొదటి ఆటనాడు జట్టు బెంచీ మీద వేలాడదీద్దామన్న ఆలోచన ఎల్లాజీదే.

“నిన్న సాయంత్రం ఉతుకుదామని గది తీసినాను. చొక్కా నేదు. తాళం ఏసింది ఏసినట్టే ఉన్నాది. తాళంచెవి నా ఒక్కడి కాడే ఉంటాది.”

“నిన్నంతా గది మూసే ఉందా?”

“నేదమ్మా. గీతలు గీసినంతసేపూ తెరిసే ఉన్నాది. తర్వాత లోపల సూడకుండా తాళం ఏసీసినాను.”

“అప్పుడు మైదానంలో ఎవరెవరున్నారు?”

“అమ్మాయిలు, కోచ్ గిరిబాబు. ఈశ్వరి తల్లి గున్నమ్మ పిల్లలకి మజ్జిగ తెచ్చింది. నాకు అక్కలాటిది, అప్పా అని పిలుస్తాను. చొక్కా ఉతికి బెంచీ మీద కడతామని అందరికీ సెప్పినాను. ఆయమ్మ ఏటీ అన్నేదు.”

“ఆ మాట విని ఎవరైనా కాదన్నారా?”

ఎల్లాజీ తటపటాయించాడు. “సుహాసిని వద్దని ఏడిసింది. ఈశ్వరి స్థానంలో ఇప్పుడు బంతి ఇసిరేది ఆ పిల్లే.”

ముగ్గురూ రైల్లో ఆమదాలవలస చేరేసరికి ఎండ ముదిరింది. గేటు దగ్గర గిరిబాబు అడ్డం నిలబడ్డాడు. రాజకుమారి ఎవరో తెలిశాక, అయిష్టంగానే గది తీయించాడు.

ఇరుకు గది. ఒక మూల సున్నం బస్తా, దాని ముందు నేల మీద చిమ్మిన సున్నం. అందులో చెప్పులు లేని పాదాల గుర్తులు గోడ అర వరకు వెళ్ళి, తిరిగి గుమ్మం దాటాయి. అరలో కొత్త జెర్సీల కట్ట విప్పకుండా ఉంది. పాత జెర్సీ ఉన్న కవరు మాత్రం లేదు. రాజకుమారి గది వెనక్కి వెళ్ళి, తుప్పల్లోంచి సబ్బుపొడి ప్యాకెట్ ఒకటి తీసింది. అది ఇంకా చింపకుండానే ఉంది.

“నిన్న గదిలో బకెట్ పక్కన ఎట్టింది ఇదే,” అన్నాడు ఎల్లాజీ విస్తుపోయి.

సుహాసినిని పిలిపించారు. పందొమ్మిదేళ్ళ పిల్ల. కళ్ళు వాచి ఉన్నాయి.

“చొక్కా అక్కడ పెట్టొద్దన్నావట?”

“అక్క చొక్కా ఎదురుగా ఉంటే నాకు సెయ్యి ఆడదు మేడం. అదే సెప్పినాను. తియ్యనేదు.”

“నిన్న మైదానంలో బూట్లు విప్పావా?”

“నేదు మేడం. ఇంటికెళ్ళే దాకా బూట్లతోనే ఉన్నాను.”

ఆ పిల్ల వెళ్ళగానే కామేష్ గొంతు తగ్గించాడు. “కారణం ఉన్నది ఈ అమ్మాయికే కదా, మేడం?”

“చొక్కా కంటపడకూడదనుకున్న మనిషికి సబ్బుపొడి మీద కోపం దేనికి, కామేష్?” అంది రాజకుమారి. కేసు తేలినప్పుడు ఆమె ముఖంలో వెలుగు చూడటం కామేష్‌కి ఇష్టం. ఈసారి ఆ వెలుగు లేదు.

ఆటకు ముందు అందరినీ గది ముందుకు పిలిచింది. మొదటి బంతి విసరడానికి జట్టు ఆహ్వానించిన గున్నమ్మ అప్పుడే ఊరి నుంచి వచ్చి, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని గట్టు మీద కూర్చుంది.

“ఎల్లాజీని అందరి ముందూ దొంగన్నారు. కాదని కూడా అందరి ముందే చెప్పాలి,” అంది రాజకుమారి. “గది తెరిచి ఉన్నప్పుడు ఒకరు లోపలికి వచ్చారు. సున్నంలో ఉన్నవి ఉత్తి పాదాలు. జట్టంతా బూట్లతో ఉంది, ఎల్లాజీకి చెప్పులున్నాయి. వచ్చిన మనిషి కొత్త జెర్సీలు ముట్టుకోలేదు. మాసిన చొక్కాని కవరుతో సహా తీసుకుని, పోతూ పోతూ సబ్బుపొడి విసిరేశారు. ఆ మనిషికి చొక్కాని దాచడం ముఖ్యం కాదు. దాన్ని ఉతకకుండా ఆపడం ముఖ్యం. పేరు నేను చెప్పను.”

గున్నమ్మ లేచింది. కాళ్ళకు చెప్పుల్లేవు.

“ఎల్లాజీని దొంగన్నారా? నాకు తెల్దు బాబూ. నానే తీసినాను.” సంచిలోంచి కవరు తీసింది. మూతి ముడి అలాగే ఉంది. “అది పోయినాక దాని గుడ్డలన్నీ ఏట్లో ఇడిసీసినారు. తలగడా, దుప్పటీ కూడా ఉంచనేదు. ఇదొక్కటే మిగిలింది. ఉతికేస్తే దాని సెమట వాసన పోతాది కదా.”

“అడిగితే ఇచ్చేవాళ్ళం కదమ్మా,” అన్నాడు గిరిబాబు నీళ్ళు నములుతూ.

“మీరంతా మా పిల్లని గొప్ప సేస్తన్నారు. వద్దని ఎలా అనీది?”

“ముడి విప్పలేదేం?” అడిగింది రాజకుమారి మెల్లగా.

“ఇప్పితే అది కాస్తా పోతాదని.”

ఎల్లాజీ ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. “గంజెట్టి మరీ ఆరేద్దామనుకున్నానప్పా. నాకు తోచనేదు.” గున్నమ్మ అతని తల మీద చెయ్యి వేసింది.

గిరిబాబు ఎల్లాజీని క్షమించమని అడిగాడు. బెంచీ మీద ఏమీ వేలాడదీయలేదు. మొదటి బంతి విసరనని గున్నమ్మ అంది, ఎవరూ బలవంతపెట్టలేదు. ఆట మొదలైనా ఆమె గట్టు మీంచి కదల్లేదు. ఎల్లాజీ పక్కనే కూర్చున్నాడు. స్టేషన్‌కి బయల్దేరబోయిన కామేష్ కాళ్ళు ఆగిపోయాయి.

“మా దాని సోట్లో ఎవుల్ని నిలబెట్టినారు?” అడిగింది గున్నమ్మ.

“సుహాసినిని.”

“బాగా ఇసురుతందా?”

ఎల్లాజీ లేచి చూశాడు. “నేదప్పా. భయపడతంది.”

“అయితే నువ్వెల్లి గట్టిగా కేకెయ్యి. మా దానికి ఏసినట్టు.”

అతను గీత దాకా వెళ్ళాడు. కండువాతో ముఖం తుడుచుకుని, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

“ఇసురే సుహాసినీ!”

ఆ పిల్ల తలెత్తి చూసింది. గట్టు మీద గున్నమ్మ కవరుని రెండు చేతులతో గుండెకి హత్తుకుని, కళ్ళు మూసుకుంది.