నలుగురు సుక్రులు

పెళ్ళికాని కుర్రాడెవడైనా అరకు స్టేషన్లో రైలు దిగితే చాలు, ఆ సాయంత్రం దైవాధీనంగారింట్లో కోడి ప్రాణం మీదికొచ్చేది. కూతురి పెళ్ళి గురించి ఆయన నోటితో ఎప్పుడూ ఒక్క మాట అనేవారు కాదు, కోళ్ళచేతే అనిపించేవారు. మిషన్ ఆస్పత్రి కమిటీకి సెక్రటరీ కావడంతో కొత్తవాళ్ళంతా ముందు ఆయనకే చిక్కేవారు. కాఫీ తోటల ఇన్‌స్పెక్టరు కూడా తప్పించుకోలేకపోయాడు. క్యాథరిన్‌కి తండ్రిమీద ఉన్న ఫిర్యాదల్లా ఒకటే. వడ్డన తనచేతే చేయించేవారు.

రెండువేల నాలుగు వానాకాలంలో కోడి ఎడ్విన్ పేరిట పోయింది. ఆస్పత్రిలో కంప్యూటర్లు పెట్టడానికి విశాఖ నుంచి వచ్చిన కుర్రాడు. డాక్టరు తన గదిలో మందు పేరు నొక్కితే, ఫార్మసీలో క్యాథరిన్ ముందున్న తెరమీద చీటీ వచ్చేస్తుందట.

"ఇకనుంచి డాక్టరుగారి చేతిరాతతో మీకు తిప్పలుండవండి," అన్నాడు ముక్క కొరుకుతూ.

"నాకు చదవడం వచ్చండి. ఆరేళ్ళుగా అదే చదువుతున్నాను."

"అలాక్కాదండీ. మనుషులకి పొరపాట్లు మామూలే కదా. సిస్టమ్‌కి ఉండవు."

క్యాథరిన్ పులుసు గిన్నెని అతని చేతికందనంత దూరంలో పెట్టింది.

నెల తిరక్కుండానే యుద్ధం మొదలైంది. ఆవేళ సంత. ఆస్పత్రి కిటకిటలాడుతోంది. కొండమీది ఊరినుంచి సుక్రు దగ్గుకుంటూ వచ్చాడు. తెరమీద అతని పేరూ, కింద పెన్సిలిన్ జాతి మాత్రలూ కనిపించాయి. క్యాథరిన్ చెయ్యి ఆగిపోయింది. కిందటేడు ఈ మందుకే ఇతని మొహం గుమ్మడికాయలా వాచి, ఊపిరందక, రెండ్రోజులు ఇక్కడే పడున్నాడు. పడని మందైతే పేరు పక్కన ఎర్రగా వెలగాలి. వెలగలేదు.

"బేగి ఇచ్చెయ్యమ్మా, జీపు ఎల్లిపోతాది," అంది సుక్రు భార్య గంగ.

"ఎల్లనీ. నీకు మొగుడు కావాలా, జీపు కావాలా?"

గంగ కాస్త ఆలోచించింది. "జీపు మళ్ళీ సంతదాకా రాదమ్మా."

క్యాథరిన్ వెళ్ళి చెబితే, రమణి డాక్టరమ్మ "రికార్డులో ఏమీ లేదే" అని గొణుక్కుంటూనే, ఎందుకైనా మంచిదని మందు మార్చింది. ఎడ్విన్ మాత్రం కౌంటరు ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఎర్రగా రాలేదంటే ఆయనకి ఆ మందు పడుతుందనేనండీ."

"ఆయన మొహం నేను చూశాను."

"అది మీ జ్ఞాపకం. ఇది డేటా."

"రేపు ఊపిరాడకపోతే సూదెవరు వేస్తారు, మీ డేటానా?"

ఆ సాయంత్రమే అతను కమిటీకి రిపోర్టు రాశాడు. ఫార్మసీలో జ్ఞాపకాన్ని నమ్ముకుని మందులు ఆపేస్తున్నారని. తెరమీద వచ్చిన మందు ఇవ్వని మనిషి కౌంటర్లో ఉండాలో వద్దో వచ్చే శనివారం తేలుస్తామని నోటీసొచ్చింది. దానికింద సెక్రటరీగా దైవాధీనంగారి సంతకం.

"ఏటమ్మా అలా చూస్తావు? సంతకమే కదా," అన్నారాయన.

"అతన్ని పిలిచినప్పుడు కూడా భోజనమే కదా అన్నారు నాన్నా."

మర్నాడు ఎడ్విన్ ఎదురుపడితే ఒక్క మాటే అంది. "ఆ ఊళ్ళో సుక్రులెంతమందో కొండెక్కి లెక్కపెట్టుకు రండి."

నిజంగా ఎక్కుతాడనుకోలేదు. గురువారం మధ్యాహ్నం వానలో ముద్దయి, మోచెయ్యి దోక్కుపోయి, ఎర్రమట్టి నీళ్ళు కార్చుకుంటూ ఆస్పత్రి వరండాలోకొచ్చాడు.

"నలుగురు," అన్నాడు రొప్పుతూ. "శుక్రవారం పుడితే సుక్రు, మంగళవారం పుడితే మంగ్లు. ఊరంతా వారాల పేర్లేనండీ. ఇద్దరు సుక్రులకి తండ్రుల పేర్లు కూడా మంగ్లే. నా ప్రోగ్రాము పేరూ తండ్రీ ఊరూ చూసి, మొదట దొరికినవాడి రికార్డు తెరిచేస్తోంది. మన సుక్రుది రెండోది. అందులో ఎర్రగానే ఉంది."

"అయితే శనివారం కమిటీలో ఏమంటారు?"

"వాళ్ళలో ఒకర్ని తేనె సుక్రంటారు, ఇంకొకర్ని డప్పు సుక్రంటారు. నెక్స్ట్ వెర్షన్లో ఆ పిలుపులు కూడా పెట్టి ఇంప్రూవ్..."

"ఏమంటారని అడిగాను."

"డేటా ఎంట్రీలో చిన్న గ్యాప్ అంటాను."

"పాత రికార్డులన్నీ ఎక్కించింది నేనే. అంటే మళ్ళీ నామీదే తోస్తారన్నమాట."

వాన పెరిగింది. ఆ మోచెయ్యి చూసి క్యాథరిన్‌కి జాలేయబోయింది కానీ, సమయానికి కోపం అడ్డొచ్చి కాపాడింది.

"లోపం ప్రోగ్రాముదని చెబితే కంపెనీ మర్నాడే నన్ను వెనక్కి పిలిపించేస్తుందండీ."

"వెళ్ళండి."

"వెళితే..." ఎడ్విన్ నేలచూపులు చూశాడు. "మిమ్మల్ని రోజూ చూడ్డం కుదరదు."

క్యాథరిన్ మొహం ఎర్రబడింది. సిగ్గనుకుని అతను కాస్త వెలిగిపోయాడు. తొందరపడ్డాడు.

"నన్ను రోజూ చూడ్డానికి నా ఉద్యోగం తీయిస్తారా? కౌంటర్లో నేను లేకపోతే ఎవర్ని చూస్తారు, మా నాన్ననా?"

ఎడ్విన్ అంతదూరం ఆలోచించలేదని తెలుస్తూనే ఉంది.

"చెయ్యిలా పెట్టండి," అని దూది తీసుకుని అవసరమైనదానికన్నా కాస్త గట్టిగానే తుడిచింది. "కిరండోల్ ప్యాసింజరు విశాఖలో రోజూ బయల్దేరి ఈ అరకు మీదుగానే పోతుంది. టిక్కెట్టు ఎవరడిగినా ఇస్తారు. ఆదివారం ప్రార్థన అయ్యాక నాకు పనేం ఉండదు."

"మండుతోందండీ."

"మండాలి."

శనివారం కమిటీ గదిలో పాస్టరుగారు, డాక్టరమ్మ, దైవాధీనంగారు వరసగా కూర్చున్నారు. క్యాథరిన్ తలుపు పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. ఎంత సర్దిచెప్పుకున్నా, ఆరేళ్ళ కౌంటరు ఈ కుర్రాడి నాలిక చివర ఉందన్న సంగతి మింగుడు పడటం లేదు.

"ఫార్మసీ మీద రిపోర్టు రాసింది మీరేగా. చెప్పండి," అన్నారు పాస్టరుగారు.

"సిస్టమ్‌లో ఒక చిన్న టెక్నికల్..." అని మొదలుపెట్టి, ఎడ్విన్ ఆగిపోయాడు. చేతిలో కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. దైవాధీనంగారు కలం మూత తీసి పట్టుకుని చూస్తున్నారు.

"కాదండీ," అన్నాడు, ఈసారి వరండాలో కూర్చున్న రోగులకి కూడా వినపడేలా. "ప్రోగ్రాము నేను రాసిందే. ఆ మాత్రలు సుక్రు మింగుంటే ఏమయ్యేదో నాకిప్పుడు తెలుసు. ఆవిడ ఆపబట్టి బతికాడు. తప్పు నాది."